థార్ ఎందుకు ఎడారి అయింది, అక్కడి ప్రాణులు ఎలా బతుకుతున్నాయి, దాన్ని చెట్లతో నింపడం మంచిదేనా

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. అరేబియా సముద్రం అంత దగ్గరలో ఉన్నా, ఏటా నైరుతి ఋతుపవనాలు వస్తున్నా థార్ ఎడారిగానే ఎందుకు ఉండిపోయింది? యాభై డిగ్రీల ఎండలో అక్కడి జంతువులు ఎలా బతుకుతున్నాయి? కోట్ల సంఖ్యలో చెట్లు నాటి దాన్ని పచ్చగా మార్చవచ్చు కదా? మన అనంతపురం కూడా ఒకనాటికి అలాగే అవుతుందా? పశ్చిమ రాజస్థాన్ గడ్డి భూముల మీద చాలా ఏళ్లు పనిచేసినవాడిగా నాకు తెలిసినంత మేరకు వివరంగా చెబుతాను. మూడో ప్రశ్నకు నా సమాధానం మీకు నచ్చకపోవచ్చు, కానీ దాని గురించే ఎక్కువగా చెప్పవలసి ఉంది.

థార్ విస్తీర్ణం సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో అధిక భాగం మన దేశంలోనే, ప్రధానంగా జైసల్మేర్, బాడ్మేర్, బికనేర్, జోధ్‌పూర్, చురు ప్రాంతాల్లో ఉంది. మిగిలినది పాకిస్తాన్‌లోని సింధ్, పంజాబ్ రాష్ట్రాల్లోకి విస్తరించింది. తూర్పున ఆరావళి కొండలు, పడమట సింధు మైదానం, దక్షిణాన కచ్ఛ్ రణ్ దీనికి ఎల్లలు. ఆరావళి పక్కన ఏటా 400 నుంచి 500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పడమటికి పోయేకొద్దీ తగ్గుతూ జైసల్మేర్ దగ్గర 200 లోపుకు, సరిహద్దు అంచున 100 దరిదాపులకు చేరుతుంది. కాబట్టి థార్ అంతా ఒకే తీరుగా ఉంటుందని అనుకోకూడదు. తూర్పు సగంలో సజ్జ, పెసర, గోరుచిక్కుడు పండించే పల్లెలు దగ్గర దగ్గరగా ఉంటాయి, పడమటి సగంలో పశువుల మందలే జీవనాధారం. ప్రపంచంలోని పెద్ద ఎడారుల్లో ఇంత జనసాంద్రత ఉన్నది మరొకటి లేదు.

ఇక మొదటి ప్రశ్న. ఆరావళి కొండలు అరేబియా సముద్రపు గాలులకు అడ్డంగా కాక సమాంతరంగా ఉండడం వల్ల వాన పడదని మనందరం బడిలో చదువుకున్నాం. అది తప్పు కాదు గాని, కారణాల్లో అది చిన్నది. పెద్ద కారణం అక్షాంశంలో ఉంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ఎత్తులో ఉత్తర, దక్షిణ దిక్కులకు సాగి, సుమారు 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. అలా దిగే గాలి కింది పొరల ఒత్తిడికి నలిగి వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ దాని సాపేక్ష ఆర్ద్రత, అంటే అది మోయగలిగే తేమతో పోలిస్తే నిజంగా ఉన్న తేమ, పడిపోతుంది, మేఘం కట్టే అవకాశం పోతుంది. సహారా, అరేబియా, ఇరాన్ ఎడారులు ఈ వరసలోనివే. ఆ వరసకు థార్ తూర్పు కొస.

అయితే తక్కిన వాటికి లేని ఒక విశేషం థార్‌కు ఉంది. మే, జూన్ నెలల్లో ఇక్కడి నేల ఎంతగా కాగుతుందంటే, సింధ్ నుంచి రాజస్థాన్ వరకు ఒక బలమైన అల్పపీడన ప్రాంతం ఏర్పడుతుంది. సముద్రం మీది తేమగాలులను ఉపఖండంలోకి లాగే శక్తుల్లో అదీ ఒకటి. తెలుగు నేల మీద కురిసే తొలకరికి కూడా ఆ వేడితో కొంత సంబంధం ఉంది. మరి అల్పపీడనం ఉన్నచోటే వాన ఎందుకు పడదు? అక్కడికి చేరే తేమగాలి పొర పలుచనిది. దానికి పైన బలూచిస్తాన్, అరేబియా వైపు నుంచి వచ్చే వేడి, పొడి గాలి కుండ మీద మూకుడులా పరచుకొని ఉంటుంది. కిందనుంచి లేచిన గాలి ఆ పొరను ఛేదించుకొని పైకి పోలేదు గనుక మేఘం నిలువుగా పెరగదు. పైగా తూర్పు భారతం మీదా బంగాళాఖాతం మీదా భారీ వానలు కురిసేటప్పుడు పైకి లేచిన గాలిలో కొంత పడమటి దిక్కున దిగి, ఆ పొడి పొరను మరింత గట్టి చేస్తుంది.

దీనికి తోడు కాలం కూడా తక్కువ. కేరళను జూన్ 1 నాటికి తాకే నైరుతి పవనాలు థార్ పడమటి అంచుకు చేరేసరికి సాధారణంగా జులై 8 అవుతుంది. దేశంలో అవి మొట్టమొదట వెనుదిరిగేదీ అక్కడి నుంచే, సెప్టెంబరు 17 ప్రాంతంలో. ఉన్న ఆ పది వారాల్లోనైనా వాన నమ్మకంగా కురవదు. ఒక ఏడాది బొట్టు రాలకపోవచ్చు, మరుసటి ఏడాది రెండు మూడు రోజుల్లోనే సంవత్సరమంతటి వాన కుమ్మరించవచ్చు. 2006 ఆగస్టులో బాడ్మేర్ జిల్లాలో అదే జరిగింది. కవాస్ అనే ఊరు నీట మునిగితే, నేల అడుగున ఉన్న జిప్సం పొర వల్ల ఆ నీరు ఇంకక వారాల తరబడి చెరువులా నిలిచిపోయింది. అటు చివర 1899–1900 నాటి కరువు ఉంది. విక్రమ శకం 1956వ సంవత్సరంలో వచ్చింది గనుక దాన్ని ఇప్పటికీ ఛప్పనియా అకాల్, అంటే యాభై ఆరో ఏటి కరువు, అంటారు. థార్ గురించి సగటు వర్షపాతం చెప్పినప్పుడల్లా ఈ రెండు అంచులనూ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అక్కడి చెట్లూ జంతువులూ మనుషులూ ఈ అనిశ్చితికి తగినట్టే తమ బతుకును మలచుకున్నారు.

వేడి విషయానికి వస్తే, 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీలు మన దేశంలో ఎత్తయిన అంకెల్లో ఒకటి. కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది చురు. కొన్ని వేసవుల్లో 50 దాటే ఆ ఊళ్లోనే జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోతుంది. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు లేకపోవడంతో పగలు ఎండ అడ్డు లేకుండా దిగుతుంది, రాత్రి నేల వేడి అంతే సులభంగా ఎగిరిపోతుంది.

భూమి రూపం గురించి ఒక అపోహ తీర్చాలి. పర్యాటకులు జైసల్మేర్ సమీపంలోని సమ్ అనే ఊరి దగ్గర ఒంటె ఎక్కి చూసే గడ్డిలేని ఇసుకదిబ్బలు థార్‌లో చాలా కొద్ది భాగం. మిగతా చోట్ల దిబ్బల మీద గడ్డి, పొదలు ఉంటాయి. గాలి బలంగా వీచే కాలమూ వాన పడే కాలమూ దాదాపు కలిసే రావడం వల్ల, దిబ్బ కదులుతూనే పక్కల పచ్చిక పట్టి, మధ్య భాగం ముందుకు సాగి, వంగిన విల్లు ఆకారం తీసుకుంటుంది. ఇలాంటి దిబ్బలు థార్‌లో ఉన్నంతగా సహారాలో కనిపించవు. వాటిలో చాలా భాగం నేటివి కావు, వేల ఏళ్ల కిందటి పొడి యుగాల్లో పోగుపడి ఇప్పుడు స్థిరపడినవి. జైసల్మేర్, పోఖ్రాన్ మధ్య మైళ్ల కొద్దీ రాతి నేలే. జైసల్మేర్ కోట కట్టిన పసుపు సున్నపురాయి జురాసిక్ కాలపు సముద్రం అడుగున పేరుకున్నది. పట్టణానికి కొద్ది దూరంలో ఉన్న ఆకల్ శిలాజవనంలో సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు రాయిగా మారి పడి ఉన్నాయి. ఈ ప్రాంతపు ఏకైక పెద్ద నది లూని అజ్మేర్ దగ్గర పుట్టి, బాలోత్రా వరకు మంచినీటితో పారి, ఆ పైన ఉప్పు నేలల మీదుగా సాగి ఉప్పనై, సముద్రం చేరకుండానే కచ్ఛ్ రణ్‌లో కలిసిపోతుంది. పచ్‌పద్రా, డీడ్వానా, లూణకరణ్‌సర్ వంటి ఉప్పు సరస్సులకు బయటికి దారి లేదు, వచ్చిన నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఈ సరస్సుల అడుగు మట్టిలో చిక్కుకున్న పుప్పొడిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, కొన్ని వేల ఏళ్ల కిందట ఇక్కడ ఇప్పటికంటే తేమ ఎక్కువగా ఉండేదని తేల్చారు. అంటే ఈ ఎడారి కొన్ని యుగాల్లో వ్యాపిస్తూ కొన్ని యుగాల్లో కుదించుకుంటూ వచ్చింది. మనిషి చేతిలో పాడై ఎడారిగా మారిన నేల కాదిది. మూడో ప్రశ్నకు ఈ సంగతి చాలా ముఖ్యం.

జంతువుల గురించి చెప్పాలంటే మొదట నేల అడుగు గురించి చెప్పాలి. మే నెల మధ్యాహ్నం ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటినా, మోకాలి లోతున నేల చల్లగా, కొంచెం తేమగా ఉంటుంది. థార్‌లోని చిన్న ప్రాణుల్లో చాలా భాగం ఆ కింది అంతస్తులోనే కాపురం ఉంటాయి. ఎడారి ఎలుకలు గుంపులుగా బొరియలు తవ్వి, ఎండ తీవ్రతను బట్టి బయటికి వచ్చే వేళలు మార్చుకుంటాయి. సాండా అనే ముళ్లతోక బల్లి మన దేశపు బల్లుల్లో ప్రధానంగా ఆకు, గడ్డి తిని బతికే అరుదైనది. సాయంత్రానికి బొరియలోకి దూరి మూతిని మట్టితో మూసేస్తుంది, చలికాలమంతా బయటికి రాదు. లగ్గర్ డేగ, ఎడారి నక్క, ఎడారి పిల్లి ఈ బల్లుల మీదా ఎలుకల మీదా ఆధారపడి ఉన్నాయి. సాండా కొవ్వునుంచి తీసే నూనె నొప్పులకు మందని నమ్మి మనుషులు దాన్ని ఇప్పటికీ చంపుతున్నారు. చట్టం నిషేధించిన ఆ వ్యాపారానికి వైద్యపరమైన ఆధారం లేదు. ఇసుకలో చేపలా ఈదుతూ పోయే మరో చిన్న బల్లి ఉంది, దాని కాళ్లు దాదాపు అక్కరలేనంత చిన్నవి. జైసల్మేర్ జిల్లాలోని లోంగేవాలా పరిసరాల్లో కనుగొని ఆ ఊరి పేరే శాస్త్రీయ నామంలో చేర్చిన తొండ ఒకటి, ప్రమాదం పసిగట్టగానే ఒళ్లు అదిరించి క్షణాల్లో ఇసుకలో మునిగిపోతుంది.

చింకారా జింకకు బొరియ లేదు గనుక దాని పద్ధతి వేరు. అది తినే ఆకుల్లోని తేమతోనూ, వాటి మీది మంచుతోనూ చాలా కాలం గడపగలదు. మూత్రాన్ని చిక్కగా చేసి నీటిని పొదుపు చేస్తుంది. ఒంటె తన శరీర ఉష్ణోగ్రతనే పగలు ఆరేడు డిగ్రీలు పెరగనిచ్చి, చెమట రూపంలో నీరు పోకుండా ఆపి, ఆ వేడిని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. శరీర బరువులో నాలుగో వంతు నీరు కోల్పోయినా నిలబడగలదు, నీరు దొరికినప్పుడు పది పదిహేను నిమిషాల్లో వంద లీటర్లు తాగగలదు. మూపురంలో ఉన్నది కొవ్వు, నీరు కాదు. పక్షుల్లో శాండ్‌గ్రౌస్ చేసే పని నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగిస్తుంది. వాటి మగపక్షి పొద్దున్నే దూరాన ఉన్న కుంటకు వెళ్లి, స్పంజిలా నీరు పీల్చే పొట్ట ఈకలను తడుపుకొని ఎగిరి వస్తే, పిల్లలు ఆ ఈకలను చప్పరించి దాహం తీర్చుకుంటాయి. చలికాలంలో మంగోలియా, మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వచ్చే కుర్జా కొంగలు ఫలోదీ దగ్గరి ఖీచన్ గ్రామంలో వేల సంఖ్యలో దిగుతాయి. వాటికి రోజూ గింజలు చల్లే ఆచారాన్ని ఆ ఊరివాళ్లు తరాలుగా నిలుపుకొస్తున్నారు.

ఇప్పుడు చెట్ల ప్రశ్న. దానికి సమాధానం ఒక పక్షి దగ్గర మొదలుపెడతాను. రాజస్థాన్‌లో గోడావణ్ అని పిలిచే పక్షి మన బట్టమేక పిట్టే. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ఏర్పరచింది దీని కోసమే. అక్కడ అది ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. ఒకప్పుడు పంజాబ్ నుంచి తమిళనాడు దాకా ఉన్న ఈ పక్షులు దేశం మొత్తం మీద ఇప్పుడు సుమారు 150 మాత్రమే ఉన్నాయి, వాటిలో అత్యధికం థార్‌లోనే ఉన్నాయి. మీటరు ఎత్తు, 15 కిలోల దాకా బరువు ఉండే ఈ పక్షి నేల మీదే, సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. శత్రువు దూరాన ఉండగానే కనిపించాలి గనుక దానికి నాలుగు దిక్కులా తెరిపిగా ఉన్న గడ్డి నేల కావాలి. అలాంటి నేలలో వరసగా చెట్లు నాటితే బట్టమేక పిట్ట అక్కడ ఉండదు. చెట్ల మీద వాలే కాకులు, గద్దలు గుడ్డును కనిపెడతాయి, నీడలో చేరే కుక్కలు పిల్లను పట్టుకుంటాయి. చింకారాకు, ఎడారి నక్కకు, శాండ్‌గ్రౌస్‌కు కూడా ఆ తెరిపే ఆధారం. చెట్టు పెరిగితే అంతా మంచే జరుగుతుందన్న మన నమ్మకం ఇక్కడ పనిచేయదు.

ఇది ఊహ కాదు, జరిగిన అనుభవం. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో జోధ్‌పూర్ సంస్థానం ఎడారిని పచ్చబరచాలని విదేశీ సర్కారు తుమ్మను విరివిగా నాటించి, 1940లో దానికి రాజవృక్షమన్న గౌరవం కూడా ఇచ్చింది. తెలుగు నాట చెరువు కట్టల మీద అది ఏం చేసిందో మీకు తెలుసు. అక్కడా అంతే. గడ్డి బీళ్లను ఆక్రమించింది, దాని నీడలో దేశవాళీ గడ్డి మొలవలేదు. తర్వాత పంజాబ్‌లోని హరికే బ్యారేజీ నుంచి నీరు తెచ్చే ఇందిరా గాంధీ కాలువ పని 1958లో మొదలైంది. తాగునీరు లేక వలసపోయే లక్షల కుటుంబాలకు అది ప్రాణం పోసింది, ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే హనుమాన్‌గఢ్, సూరత్‌గఢ్ ప్రాంతాల్లో జిప్సం పొర మీద నీరు నిలిచి పొలాలు చవిటి నేలలయ్యాయి, దోమలు పెరిగి మలేరియా వ్యాపించింది, వేల ఎకరాల సేవణ్ గడ్డి నాగలి కింద పోయింది. సేవణ్ గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువ. ఒకసారి వేళ్లూనుకుంటే ఏళ్ల తరబడి నిలిచి, ఇసుకను పట్టి ఉంచి, 150 మిల్లీమీటర్ల వానకే మళ్లీ చిగురించే ఈ గడ్డి మీదనే థార్‌పార్కర్, రాఠీ ఆవుల పాడి నడిచింది. నేలను దున్నితే అది పోతుంది, మళ్లీ రావడం చాలా కష్టం.

అలాగని థార్‌లో చెట్లకు చోటు లేదని కాదు. అక్కడి మనుషులు కాపాడుకున్న చెట్టు ఖేజ్రీ, అంటే మన జమ్మి. దసరానాడు మనం పూజించేదీ, తెలంగాణ రాష్ట్ర వృక్షమూ ఇదే. దాని వేళ్లు చాలా లోతుకు పోతాయి, మండు వేసవిలోనే కొత్త ఆకు వేస్తుంది, పశువులకు మేత లేని నెలల్లో రెమ్మ నరికి వేస్తారు, కాయలను సాంగ్రీ పేరుతో కూర వండుతారు, దాని కింద సజ్జ పంట బాగా వస్తుంది. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఖేజర్లీ గ్రామంలో ఈ చెట్లను నరకడానికి వస్తే, అమృతాదేవితో మొదలై, చెట్లనూ జంతువులనూ కాపాడడం తమ ధర్మంగా భావించే 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణాలిచ్చారు. ఈ చెట్టు అడవిలా దట్టంగా పెరగదు. చేనుకు ఇన్ని చొప్పున దూరదూరంగా నిలుస్తుంది. ఆ దూరం నేలలోని నీటికి సరిపోయే లెక్క. ఇళ్ల చుట్టూ, పొలాల గట్ల మీద, ఊరిని ముంచుకొచ్చే కదిలే దిబ్బల మీద స్థానిక జాతులను నాటడం ఎప్పుడూ మంచిదే. జోధ్‌పూర్‌లోని కేంద్రీయ శుష్క ప్రాంత పరిశోధన సంస్థ 1950ల నుంచి దిబ్బలను స్థిరపరచే పద్ధతులను అభివృద్ధి చేసింది. నేను వద్దంటున్నది తెరిపి గడ్డి నేలను ఖాళీ స్థలమని భావించి తోటగా మార్చడాన్ని.

ఈ భావనే ఇప్పుడు కొత్త రూపంలో ఎడారిని ముంచుతున్నది. రెవెన్యూ లెక్కల్లో బంజరుగా నమోదైన గడ్డి బీళ్ల మీద సౌర ఫలకాలు, గాలిమరలు, వాటినుంచి కరెంటు మోసుకుపోయే హైటెన్షన్ తీగలు విస్తరిస్తున్నాయి. బట్టమేక పిట్ట కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ దానికి సమయానికి కనిపించదు, అంత బరువైన పక్షి గాలిలో చటుక్కున మళ్లుకోలేదు. ఎదిగిన పక్షుల మరణాలకు ఇప్పుడు ప్రధాన కారణం ఆ తీగలే. 2021లో సుప్రీంకోర్టు ముఖ్యమైన ప్రాంతాల్లో తీగలను భూమి లోపలికి మార్చాలని చెప్పింది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. సౌర విద్యుత్తు దేశానికి అవసరమే. కానీ థార్‌లో అన్ని నేలలూ ఒకటి కావు. ఇప్పటికే దున్ని వదిలేసిన పొలాలు, రాతి గుట్టలు ఉండగా సేవణ్ బీళ్లనూ ఓరణ్‌లనూ ఎంచుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఓరణ్ అంటే దేవత పేరిట ఊరు వదిలిపెట్టిన మేత భూమి, కొమ్మ నరకరాదన్న కట్టుబాటు ఉన్నది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు వీటిని గుర్తించి అటవీ భూములుగా నమోదు చేయాలని రాజస్థాన్ ప్రభుత్వాన్ని ఆదేశించడం మంచి పరిణామం.

అనంతపురం గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడ సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, జైసల్మేర్‌కు దాదాపు మూడు రెట్లు. పడమటి కనుమల చాటున ఉండడం, తూర్పు తీరానికి దూరం కావడం వల్ల అది కరువు సీమ అయింది గాని, 14వ డిగ్రీ అక్షాంశం దగ్గర ఉన్న ఆ జిల్లా దిగే గాలుల వరసలోది కాదు. అందువల్ల వాతావరణ పరంగా అది థార్ కాదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో పొలాల మీదికి వచ్చే ఇసుక హగరి నది ఎండిన పడక నుంచి గాలి ఎత్తి పోసినది. ఆ సమస్యకు నది ఒడ్డున గాలిని ఆపే చెట్ల వరసలు, పడక మీద గడ్డి నిజంగానే పనికొస్తాయి. కాబట్టి చెట్లు నాటాలన్న మీ కోరికను థార్‌లో కంటే అక్కడ నెరవేర్చుకోవడం మేలు.

థార్‌కు సాయం చేయాలనుకునేవారు మొక్కల ప్యాకేజీలకు డబ్బు పంపే ముందు మూడు విషయాలు అడగండి: నాటే జాతి స్థానికమైనదా, నాటే చోటు ముందు గడ్డి బీడా కాదా, ఆ నేల మీద మేపుకునే పశువుల కాపరులు దానికి ఒప్పుకున్నారా. వీటిలో ఏ ఒక్కదానికైనా స్పష్టమైన జవాబు రాకపోతే ఆ డబ్బును ఓరణ్‌లకు కంచె వేసి సేవణ్ విత్తనం చల్లే గ్రామ సంఘాలకు ఇవ్వండి. వెళ్లి చూడాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి. సమ్ దిబ్బల దగ్గర ఒక పూటతో సరిపెట్టుకొని, మిగతా రోజులు జైసల్మేర్ జిల్లాలోని డెజర్ట్ నేషనల్ పార్కు గడ్డి మైదానాల్లో, చురు జిల్లాలోని తాల్ ఛాపర్ కృష్ణజింకల అభయారణ్యంలో, ఖీచన్ చెరువు గట్టు మీద గడపండి. అక్కడి కాపరి ఎవరైనా గడ్డి జాతుల పేర్లు చెబుతానంటే వెంట నడవండి, ఏ పుస్తకంలోనూ అంత వివరంగా దొరకదు.